వెనకబండికీ ఒక బ్రేకు

నేను చదివింది చరిత్ర బి.ఏ. యంత్రాలంటే నాకు తెలిసినవి రెండే: మిక్సీ, కుట్టుమిషను. మిక్సీ ఉన్నట్టుండి ఆగిపోతే దాని అడుగున ఉండే ఎర్రబొత్తాం నొక్కాలని తెలుసుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది. అలాంటిదాన్ని ఈ వారం మీకు బ్రేకుల సంగతి చెప్పబోతున్నాను. నవ్వకండి, కారణం ఉంది.

పోయినేడాది వేసవిలో అమెరికాలో, టెక్సాస్‌లో ఉండే మా తమ్ముడి దగ్గర నెలరోజులున్నాను. పిల్లలకి సెలవులు. "అక్కయ్యా, పాలో డ్యూరో లోయ చూద్దువుగాని పద" అన్నాడు వాడు. డాలస్ నుంచి ఆమరిల్లో వైపు ఆరేడు గంటల ప్రయాణం. హోటల్లో దిగడం కాదట, ఇల్లే వెంట లాక్కుపోవాలట! చక్రాల మీద ఓ బుల్లి ఇల్లు, అందులో మంచాలు, పొయ్యి, గిన్నెలు కడుక్కునే తొట్టి. దాన్ని ట్రైలరంటారు. అద్దెకి తెచ్చి మా మరదలి పికప్ బండికి వెనక తగిలించారు.

ప్రయాణం ముందురోజు సాయంత్రమంతా మరదలు సామాను సర్దింది. బరువైనవన్నీ ముందు మంచం కిందికి తోసింది. వంటిల్లేమో వెనక చివర, బియ్యమేమో ముందు! ఈ కాలం పిల్లలకి ఇల్లు సర్దుకోవడం ఎప్పటికొస్తుందో అనుకున్నాను. రాత్రి అందరూ పడుకున్నాక, సాయం చేసినట్టుంటుందని, బియ్యం సంచీ, పప్పుల డబ్బాలు, రెండు నీళ్ళ క్యాన్లు, ఆవకాయ జాడీ, లోయలో కూడా దోసెలు తినాల్సిందేనని నేను పట్టుబట్టి పెట్టించిన గ్రైండరు, దాని రాళ్ళతో సహా, ఒక్కొక్కటే మోసుకెళ్ళి వెనక పొయ్యి పక్కన పేర్చాను. నడుం పట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. పొద్దున్న చూసి వాళ్ళే మెచ్చుకుంటారు కదా!

మర్నాడు మరదలే బండి నడిపింది. కనుచూపు మేర చెట్టూ పుట్టా లేని మైదానం. గాలి ఒకటే హోరు. మధ్యాహ్నం ఓ పెద్ద లారీ మమ్మల్ని దాటుకుని పోయింది. అది పోవడమేమిటి, మా బండి పడవలా ఊగడమేమిటి! వెనక్కి తిరిగి చూశాను. మా చక్రాల ఇల్లు కుడికీ ఎడమకీ తోక ఊపుతోంది. ఊపు ఊపుకీ మరింత పెరుగుతోంది. అది ఎడమకి పోతే మా బండి మూతి కుడికి తిరుగుతోంది. పిల్లలు కెవ్వుమన్నారు. "బ్రేకు తొక్కు! తొక్కు!" అని తమ్ముడు కేకలు.

మరదలు తొక్కలేదు. స్టీరింగు అటూ ఇటూ తిప్పనూ లేదు. యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసి, స్టీరింగు గట్టిగా పట్టుకుని, కుడి మోకాలి దగ్గరున్న ఓ చిన్న మీటని వేళ్ళతో జరిపింది. రెండు ఊపులు, మూడో ఊపు సగం, అంతే. వెనక ఇల్లు బుద్ధిమంతురాలిలా వరసలోకి వచ్చేసింది. నెమ్మదిగా రోడ్డు వారకి తీసుకుపోయి ఆపింది.

"తొక్కమంటే తొక్కవేం?" అన్నాడు తమ్ముడు, గొంతు వణుకుతూ.

"తొక్కితే మనం తగ్గుతాం. అది తగ్గేలోగా మన మీదికొస్తుంది" అంది.

దిగి ట్రైలరు తలుపు తీసింది. గ్రైండరు కనిపించింది. నా వైపు చూసి, "వదినగారూ, ఇవెప్పుడొచ్చాయి ఇటు?" అని మాత్రం అంది. ఇంకో మాట లేదు. తిట్టినా బాగుండేది.

ఆ లోయ బ్రహ్మాండంగా ఉంది, కాని ఇప్పుడు దాని మాట వద్దు. ఆ మీట ఏమిటో, దాన్నెవరు కనిపెట్టారో, వెనక లాగితే ముందుకి పోయేది ఎందుకు సరిపడుతుందో తెలుసుకుంటేగాని నాకు నిద్ర పట్టలేదు. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఊరి లైబ్రరీలో కూర్చున్నాను. ఇంటికొచ్చాకా వదల్లేదు.

సిగ్గుతో చెప్తున్నాను, ఇందులో సగం నాకు ఆరేళ్ళప్పుడే తెలుసు. అమ్మమ్మగారి ఊళ్ళో బస్సు దిగితే ఎడ్లబండి వచ్చేది. పిల్లలమందరం వెనక చివర కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేవాళ్ళం. బండి తోలే తాత కసురుకునేవాడు: "ముందుకి జరగండమ్మా, కాడి లేస్తాంది!" బరువంతా ఇరుసుకి వెనక పడితే ముందు కాడి పైకి లేచి ఎడ్ల మెడల తాళ్ళు గొంతుకి బిగుస్తాయి. అందుకని బరువులో కాస్త ఎప్పుడూ ముందుకి మొగ్గి ఉండాలి. ఇవాళ అమెరికాలో ట్రైలరు తగిలించేవాళ్ళకి చెప్పేదీ అదే. మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు ముందు కొక్కెం మీద పడాలి. అంతకి తగ్గి, బరువు వెనక చేరిందా, గాలి విసిరినా లారీ దాటినా తోక ఊపడం మొదలెడుతుంది. వేగం పెరిగినకొద్దీ ఆ ఊపు తనంతట తను చావదు, పెరుగుతుంది. కంగారుపడి స్టీరింగు తిప్పితే ఇంకా ప్రమాదం. ఉయ్యాల అటు పోతుండగా మనమూ అటే తోసినట్టవుతుంది.

మిగతా సగం మా అన్నయ్య గాలిపటంలో ఉంది. గాలిపటం గిరికీలు కొడుతుంటే ఏం చేస్తాం? తోక కడతాం. పాతగుడ్డ పీలికే కావచ్చు, వెనక నుంచి లాగుతూ ఉంటే చాలు, పటం నిలకడగా ఉంటుంది. మరదలు చేసింది అదే. ముందుబండిని ఆపకుండా వెనకబండిని ఒక్కదాన్నే పట్టి ఉంచింది. రెంటి మధ్యా తాడు బిగిసినట్టయి వంకర పోయింది. అదే ముందుబండిని ఆపితే, వెనక బరువు తోసుకొచ్చి రెండూ కొక్కెం దగ్గర చాకు మడిచినట్టు మడుచుకుపోయేవి.

ఇంత చిన్న సంగతి మనుషులకి ఎప్పుడు తెలిసిందంటారా? అవసరం మెడ మీదికొచ్చినప్పుడు తెలిసింది. 1840లలో అమెరికా తూర్పు నుంచి పడమటికి, ఓరెగన్ ప్రాంతానికి, గుడారపు బళ్ళలో వేల కుటుంబాలు వలస పోయాయి. చివర్లో హుడ్ అనే మంచు పర్వతం అడ్డం. దాన్ని చుట్టి 1846లో శామ్యూల్ బార్లో అనే ఆయన ఓ దారి వేసి, బండికింతని సుంకం కట్టించుకున్నాడు. ఆ దారిలో లారెల్ హిల్ అనే దిగుడు ఉంది. నిలువునా గోడలా ఉండేదట. చక్రాలకి గొలుసులు బిగించినా చాలక, బండి వెనక తాళ్ళు కట్టి, ఆ తాళ్ళని చెట్లకి చుట్టి కొంచెం కొంచెంగా వదిలేవారు. కొందరు ఓ చెట్టు నరికి, కొమ్మలతో సహా బండి వెనక కట్టి ఈడ్చుకుంటూ దిగేవారు. కొమ్మలు నేలని గీరుకుంటూ బండిని వెనక్కి లాగేవి. గాలిపటం తోకే, కాకపోతే నిండు చెట్టంత తోక! నెలల తరబడి నడిచొచ్చిన ఆడవాళ్ళు, చంకలో బిడ్డనీ చేతిలో గిన్నెల మూటనీ పట్టుకుని ఆ దిగుడు కాలినడకన దిగి, కింద నిలబడి, తమ సంసారం మొత్తం ఆ తాడు మీద వేలాడుతూ రావడం చూసి ఉంటారు. ఆ గుండెదడ నాకు తెలుసు, ఓ అర నిమిషం పాటు తెలుసు.

తరవాత రైలొచ్చింది. పట్టాల మీద పోతుంది గనక రైలు తోక ఊపదు. కాని వెనక పెట్టెలు ముందువాటిని తోయడం ఉండనే ఉంది. విడిపోతే వెనక్కి పారిపోవడమూ ఉంది. తొలిరోజుల్లో ఇంజనుకో బ్రేకు, అక్కడక్కడ పెట్టెలకి చేత్తో తిప్పే బ్రేకులూ ఉండేవి. అమెరికాలో గూడ్సు రైళ్ళ మీద బ్రేక్‌మన్ అనే ఉద్యోగి ఉండేవాడు. ఇంజను కూత వినగానే, పరిగెడుతున్న రైలు పైకప్పుల మీద ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి దూకుతూ ఒక్కొక్క బ్రేకు చక్రం బిగించుకుంటూ పోవాలి. వాన పడనీ, మంచు గడ్డకట్టనీ, అదే పని. జారిపోయినవాళ్ళకి లెక్క లేదు. పెట్టెలు తగిలించేటప్పుడు వేళ్ళు నలిగిపోయినవాళ్ళు సరేసరి. అయోవాలో లోరెంజో కాఫిన్ అనే రైతు, ఒక బ్రేక్‌మన్ వేళ్ళు నలగడం కళ్ళారా చూసి, అప్పట్నించీ దాదాపు ఇరవయ్యేళ్ళు కనిపించిన ప్రతివాడికీ ఈ విషయమే చెప్పాడు. అతన్ని చూస్తే రైల్వే కంపెనీలవాళ్ళు తప్పుకు తిరిగేవాళ్ళట. 1893లో చట్టం వచ్చిందాకా అతను ఊరుకోలేదు. అలాంటి చాదస్తులంటే నాకు మహా ఇష్టం.

చట్టం చెయ్యమన్న పని చెయ్యగల సాధనం అప్పటికే ఉంది. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో, తన ఇరవై రెండో ఏట, గాలితో పనిచేసే బ్రేకుకి పేటెంటు తీసుకున్నాడు. ఇంజన్లో గాలిని అదిమి, గొట్టాల ద్వారా ప్రతి పెట్టెకీ పంపి బ్రేకులు వేయించడం అన్నమాట. బాగానే ఉంది గాని, గొట్టం తెగితే? గాలి లేదు, బ్రేకూ లేదు. ఇక్కడే అతని బుర్రకి దండం పెట్టాలి. మూడేళ్ళు తిరిగేసరికి మొత్తం తిరగేశాడు. గాలి ఉన్నంతసేపూ బ్రేకులు వదిలి ఉంటాయి. గాలి పోతే వాటంతటవే పడతాయి. మన పాత ట్రంకుపెట్టె మూత తలుచుకోండి. చేత్తో ఎత్తి పట్టుకున్నంతసేపే తెరిచి ఉంటుంది. చెయ్యి జారిందా, దభీమని పడుతుంది. పెట్టెలు విడిపోతే, విడిపోవడమే వాటిని ఆపుతుంది.

అయితే సాధనం ఉండటం వేరు, అందరూ కొని పెట్టుకోవడం వేరు. ఐర్లండులో ఆర్మా అనే ఊరు ఉంది. 1889 జూన్ 12న అక్కడి సన్‌డే స్కూలు పిల్లలు, తల్లిదండ్రులు, టీచర్లు, మొత్తం తొమ్మిది వందల పైచిలుకు మంది, సముద్రపు ఒడ్డుకి విహారయాత్రకి బయల్దేరారు. పదిహేను పెట్టెల రైలు. టిక్కెట్టు లేనివాళ్ళు ఎక్కకుండా తలుపులకి తాళాలు వేశారు. ఊరు దాటగానే 75 అడుగులకి ఒక అడుగు చొప్పున లేచే ఎత్తు. ఇంజనుకి బలం చాల్లేదు. ఎక్కి ఎక్కి, శిఖరం ఇంక రెండొందల గజాలుందనగా ఆగిపోయింది.

పెట్టెల్ని రెండు భాగాలు చేసి, ముందు అయిదు పైస్టేషన్లో వదిలి వద్దామనుకున్నారు. వెనక పది పెట్టెలకీ ఆధారం చివరి పెట్టెలో చేత్తో తిప్పే బ్రేకు, చక్రాల కింద పెట్టిన నాలుగు రాళ్ళు. ఆ రైలుకి అన్ని పెట్టెలకీ కలిపి బ్రేకు ఉంది, కాని ట్రంకుపెట్టె మూతలాంటిది కాదు. గొట్టం విప్పితే బ్రేకు వదిలేసే రకం. విప్పారు. ఇంజను కదలబోతూ ఓ పిసరు వెనక్కి జారింది. ఆ పిసరు చాలింది. పెట్టెలు తగిలి, చక్రాల కింద రాళ్ళు నలిగిపోయి, పది పెట్టెలూ వెనక్కి బయల్దేరాయి. కింద, అదే పట్టా మీద, మామూలు ప్యాసింజరు ఒకటి ఎక్కి వస్తోంది. దాని డ్రైవరు చూసి వేగం బాగా తగ్గించాడు. ఏం లాభం! 80 మంది దాకా పోయారు. వాళ్ళలో చిన్నపిల్లలు ఎందరో. దూకుదామన్నా తలుపులకి తాళాలు.

ఇది చదివిన రోజు నేను లైబ్రరీలోంచి లేచి వచ్చేశాను. మరింక చదవలేకపోయాను. వెనక్కి జారింది ఓ పిసరు. అంతే.

ప్రభుత్వపు తనిఖీ అధికారులు అంతకు ముందే ఏళ్ళ తరబడి చెప్తున్నారు, తనంతట తను పడే బ్రేకు పెట్టండని. ఖర్చని కంపెనీలు వాయిదా వేస్తూ వచ్చాయి. ఆర్మా తరవాత మూడు నెలలు తిరగకుండా బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది, ప్రయాణికుల రైళ్ళన్నిటికీ అలాంటి బ్రేకు ఉండి తీరాలని. మన గూడ్సుబండి చివర ఉండే గార్డు పెట్టె చూశారుగా? వరండాలాంటి దాన్లో నిలబడి పచ్చజెండా ఊపేవాడు. చిన్నప్పుడు మేము చెయ్యి ఊపితే తనూ ఊపేవాడు. ఆ పెట్టె పేరు బ్రేక్‌వ్యాన్. అంటే ఆయన జెండా కోసం కాదు, బ్రేకు కోసం ఉండేవాడన్నమాట. 2022 జనవరి నుంచి ఆ ఉద్యోగాన్ని గార్డు అనడం మానేసి ట్రెయిన్ మేనేజర్ అంటున్నారు. పేరు గొప్పదే గాని, మా పిల్లలు రైలు చివర ఎవరికి టాటా చెప్పాలో నాకింకా సరిగా తెలీదు.

రైలుకి నేర్చుకున్న పాఠం రోడ్డు మీదికి రావడానికి మళ్ళీ మొదట్నించీ మొదలెట్టాల్సి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక అమెరికాలో చవగ్గా కార్లొచ్చాయి. కార్ల వెనక గుడారాలు, గదులు కట్టి లాక్కుపోయే సరదా పుట్టింది. 1919లో ఫ్లారిడాలో టాంపా ఊళ్ళో అలాంటివాళ్ళు చేరి 'టిన్ క్యాన్ టూరిస్టులు' అని సంఘం పెట్టుకున్నారు. డబ్బాల్లో తిండి తింటూ తిరిగేవాళ్ళన్నమాట. ఆవకాయ జాడీతో తిరిగే మనం ఏ సంఘమో! అప్పటి కార్లకి చాలావాటికి వెనక చక్రాలకే బ్రేకులుండేవి. ఇక వెనకొచ్చే బండి మాట ఎవరిక్కావాలి?

కావలసిన మనిషి విస్కాన్సిన్ రాష్ట్రం బెలాయిట్‌లో ఉన్నాడు. ఆర్థర్ వార్నర్. కార్లకి స్పీడోమీటర్ చేసి పేరు తెచ్చుకున్నాడు. 1909లో విమానం కొనుక్కుని తనే నడిపిన సాహసి. వేగం చూపించే పరికరం చేసిన మనిషికే వేగం ఆపే ఆలోచన కూడా రావడం నాకు ముచ్చటేసింది. 1927లో అతని ఎలక్ట్రిక్ బ్రేకుల కంపెనీ మొదలైంది. మా మరదలి మీట ఆ వంశానిదే. చక్రంతో పాటు తిరిగే ఇనప డ్రమ్ము, దాని లోపల కరెంటుతో పనిచేసే అయస్కాంతం. కరెంటు పారగానే అయస్కాంతం తిరిగే డ్రమ్ముని అంటుకుని దాంతో కాస్త లాక్కుపోతుంది. ఆ లాగుడుకి ఒక కడ్డీ కదిలి బ్రేకు దిమ్మల్ని డ్రమ్ముకి అదుముతుంది. కాలి బ్రేకు తొక్కితే ముందు, వెనక రెండు బళ్ళకీ బ్రేకు పడుతుంది. మీట జరిపితే వెనకదానికి మాత్రమే. 3000 పౌన్లు దాటిన ట్రైలరుకి సొంత బ్రేకులుండాలని అమెరికాలో చాలా రాష్ట్రాల చట్టం. కొత్త బళ్ళలో చాలావాటికి ఊపు మొదలవగానే తనే పసిగట్టి, మనం అడక్కుండానే సరిచేసే ఏర్పాటు వచ్చిందట. మా మరదలిది పాత బండి. అన్నీ తనే చూసుకోవాలి.

ఇంకోటి ఉంది. ట్రైలరు ముందు ఓ చిన్న బ్యాటరీ, దానికో మేకు, మేకు నుంచి లాగే బండికి ఓ సన్నటి ఇనప తీగ. కొక్కెం ఊడి ట్రైలరు విడిపోతే తీగ మేకుని పీకేస్తుంది. వెంటనే బ్యాటరీ కరెంటు బ్రేకుల్ని వేసేస్తుంది. వెస్టింగ్‌హౌస్ మూతే! ఆ పది పెట్టెలకీ లేకపోయింది అదే.

నా అపరాధానికి కాస్త ఊరట ఓ సినిమాలో దొరికింది. 1954లో ఎం.జి.ఎం. వాళ్ళది, 'ద లాంగ్ లాంగ్ ట్రైలర్'. లూసిల్ బాల్, ఆమె భర్త డేజీ ఆర్నాజ్ అందులోనూ కొత్తదంపతులు. ఆమె వెళ్ళిన ప్రతిచోటా గుర్తుగా ఓ బండరాయి ఏరి ట్రైలర్లో పెడుతుంది. కొండెక్కాలి, పారెయ్యమంటాడు మొగుడు. పారేసినట్టు నటించి దాచేస్తుంది. కొండ దారిలో అవన్నీ లోపల దొర్లుతాయి. థియేటరంతా నవ్వి ఉంటుంది. నేను ఒక్కదాన్నే మా ఇంట్లో కూర్చుని నవ్వలేకపోయాను. ఆవిడ దాచింది రాళ్ళే, నేను దాచిందీ రాళ్ళే. కాకపోతే నావి దోసెల పిండి రుబ్బేవి.

ఆ రోజు రోడ్డు పక్కన మరదలూ నేనూ సామానంతా మళ్ళీ ముందుకి మోశాం. తమ్ముడు పిల్లలకి నీళ్ళు తాగిస్తూ కూర్చున్నాడు. బయల్దేరబోతూ, "వదినగారూ, మీరు ముందుకి రండి" అని నన్ను తన పక్క సీట్లో కూచోబెట్టుకుంది. తీగ, మేకు ఇంకోసారి చూసి వచ్చింది. రోడ్డెక్కే ముందు, వారగా ఉన్న ఖాళీ దారిలో ఇరవై మైళ్ళ వేగంతో బండి పోనిచ్చి, "ఆ మీట కొంచెం జరపండి. బ్రేకు పడుతోందో లేదో చూద్దాం" అంది.

"నేనా?"

"మీరే. నెమ్మదిగా."

జరిపాను. వెనక నుంచి ఎవరో కొంగు పట్టుకుని లాగినట్టయింది.